వాసన వెంట జాగిలాలు, కొమ్మ మీద బాబ్‌క్యాట్

కెనడా దక్షిణపు అంచు నుంచి మెక్సికోలోని వహాకా రాష్ట్రం వరకు విస్తరించి ఉన్న బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి అరుదైన జంతువేమీ కాదు. ఒక్క అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోనే వీటి సంఖ్య 23 లక్షలకు, 36 లక్షలకు మధ్య ఉండవచ్చని 2010లో వెలువడిన ఒక అంచనా చెబుతోంది. అయినా ఈ జంతువు తిరిగే ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారిలో కూడా చాలామంది దాన్ని కళ్ళారా చూసి ఉండరు. లింక్స్ అనే పిల్లుల ప్రజాతిలోని నాలుగు జాతుల్లో ఇదే చిన్నది. మగది సగటున తొమ్మిది పది కిలోలు, ఆడది ఏడు కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. అంటే మన ఇళ్ళలో తిరిగే పిల్లికి దాదాపు రెట్టింపు. తోక జానెడు కూడా ఉండదు. గోధుమ, బూడిద రంగులు కలిసిన ఒంటి మీద చుక్కలు ఎండుటాకుల్లోనూ రాళ్ళలోనూ ఎంతగా కలిసిపోతాయంటే, పది గజాల దూరంలో కదలకుండా కూర్చున్న బాబ్‌క్యాట్‌ను మనిషి దాటి వెళ్ళిపోవచ్చు.

ఇలాంటి జంతువును వేటాడాలంటే మనిషి కన్ను చాలదు. బోను పెట్టడం, గాయపడిన కుందేలు అరుపును అనుకరించి పిలవడం అనే పద్ధతులు ఉన్నాయి గానీ, అమెరికాలో తరతరాలుగా సాగుతున్నది జాగిలాలతో వేట. ఆ వేట మంచిదా చెడ్డదా అన్న వాదన ఎలాగూ తప్పదు. అయితే ముందుగా అది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. ఎందుకంటే వాదనంతా చివరికి ఒక చెట్టు దగ్గరికి చేరుతుంది, పిల్లి ఆ చెట్టు ఎందుకు ఎక్కిందో తెలియకుండా ఆ వాదన అర్థం కాదు.

వేటకుక్కల్లో స్థూలంగా రెండు రకాలు. మనకు తెలిసిన ముధోల్, రాజపాళయం కుక్కలు కంటితో చూసి తరిమేవి. సన్నని నడుము, పొడవాటి కాళ్ళు, విశాలమైన మైదానం వాటి బలం. బాబ్‌క్యాట్ వేటకు వాడేవి రెండో రకం, ముక్కుతో జాడ తీసేవి. ట్రీయింగ్ వాకర్, బ్లూటిక్, రెడ్‌బోన్, ప్లాట్ వంటి ఈ జాతులు చాలావరకు ఐరోపా నుంచి వలస వచ్చిన కుక్కల సంతతి. ప్లాట్ జాతికి మూలం 1750లో జర్మనీ నుంచి వచ్చిన ఒక వలస కుటుంబమని చెబుతారు. ఉత్తర కరోలినా దాన్ని 1989లో తమ రాష్ట్ర శునకంగా ప్రకటించుకుంది. జార్జి వాషింగ్టన్‌కు 1785లో ఫ్రెంచి సేనాని లఫయెట్ ఫ్రాన్సు నుంచి పంపిన జాగిలాల కథ కూడా ఈ చరిత్రలో భాగమే.

కానీ ఐరోపా కుక్క అమెరికా అడవిలో ఉన్నది ఉన్నట్టుగా పనికిరాలేదు. ఇంగ్లండు నక్క తరిమితే బొరియలో దూరుతుంది. అమెరికాలో రకూన్, బూడిద నక్క, ఎలుగుబంటి, కొండసింహం అని పిలిచే ప్యూమా, బాబ్‌క్యాట్ అన్నీ చెట్టెక్కగలవు. జాడ నేల మీద ఆగిపోగానే అయోమయపడి వెనుదిరిగే కుక్క ఇక్కడ దండగ. వాసన మాను మీదుగా పైకి పోయిందని గ్రహించి, ముందు కాళ్ళు బోదె మీద ఆనించి, యజమాని వచ్చేవరకు గంటల తరబడి ఒకే చోట మొరిగే కుక్కలను ఎంచి ఎంచి తరాల పాటు సంకరం చేశారు. ఇవాళ కొన్ని కుక్కపిల్లలు ఎవరూ నేర్పకుండానే ఆ పని చేస్తాయి.

ఉత్తరాన మెయిన్, వెర్మాంట్, మిషిగన్ వంటి రాష్ట్రాల్లో వేట కొత్త మంచు పడిన తెల్లవారుజామున మొదలవుతుంది. వేటగాళ్ళు అడవి రోడ్ల మీద నెమ్మదిగా వాహనం నడుపుతూ, రోడ్డును దాటిన అడుగుల కోసం వెతుకుతారు. బాబ్‌క్యాట్ అడుగు గుండ్రంగా, దాదాపు రెండంగుళాల వెడల్పుతో ఉంటుంది. గోళ్ళు లోపలికి ముడుచుకుని ఉంటాయి గనుక వాటి గుర్తు పడదు. వెనుక పాదం సరిగ్గా ముందు పాదం పడిన చోటే పడుతుంది కాబట్టి, నాలుగు కాళ్ళ జంతువు రెండు కాళ్ళతో ఒకే గీత మీద నడిచి వెళ్ళినట్టు కనిపిస్తుంది. అడుగు అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, వాటిలో మంచు రాలిందా అన్నది చూసి అది ఎంతసేపటి క్రితందో లెక్క కడతారు. మంచు లేని దక్షిణాదిన ఈ పని కూడా కుక్కదే. పికప్ బండి వెనుక కుక్కల పెట్టె మీద ఒక అనుభవమున్న జాగిలాన్ని నిలబెట్టి కట్టి, నెమ్మదిగా పోనిస్తారు. గాలిలో పిల్లి వాసన తగలగానే అది మెడ తిప్పి గట్టిగా కూత పెడుతుంది. అప్పుడు దాన్ని దించి, అది జాడను ఖాయం చేశాకే మిగతా మూడు నాలుగు కుక్కలను వదులుతారు.

ఆ ముక్కులో జరిగేదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. మనిషి ముక్కులో వాసనను గ్రహించే కణాలు 50, 60 లక్షలుంటే, కుక్కలో అవి 20 కోట్లకు పైమాటే. వాసన గ్రాహకాలను తయారుచేసే పనిచేసే జన్యువులు మనకు సుమారు 400, కుక్కకు దాదాపు 800. అయితే అంకెలకంటే ఆసక్తికరమైనది గాలి నడిచే దారి. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్క పీల్చిన గాలిలో సుమారు ఎనిమిదో వంతు ఊపిరితిత్తుల దారి నుంచి విడిపోయి, ముక్కు వెనుక భాగంలో వాసన కోసమే ఉన్న అరలోకి నేరుగా చేరుతుందని చూపారు. మనిషికి అలాంటి ప్రత్యేకమైన అర లేదు. ఊపిరికీ వాసనకూ ఒకే దారి. కుక్క సెకనుకు ఐదు సార్ల వరకు మూచూస్తుంది, వదిలే గాలి ముక్కుపుటాల పక్క చీలికల్లోంచి వెనక్కి పోతుంది గనుక నేల మీది వాసనను చెదరగొట్టదు.

జాగిలం ముందు ఇంకో చిక్కు ఉంది. అడ్డంగా ఒక జాడ తగిలింది. పిల్లి ఎడమకు పోయిందా, కుడికి పోయిందా? తప్పు దిక్కున వెళితే వాసన క్రమంగా పాతబడుతూ పోయి చివరికి నిన్నటి పడకకు చేరుకుంటుంది. నార్వే పరిశోధకులు 1993లో మనిషి అడుగుల మీద చేసిన ప్రయోగాల్లో, శిక్షణ పొందిన కుక్కలు జాడను వెతికి పట్టుకున్నాక కొద్ది సెకన్లు వేగం తగ్గించి, కొన్ని అడుగుల వాసన చూసి దిక్కు తేల్చుకున్నాయి. ఐదు అడుగులు సరిపోతాయని తరువాతి ప్రయోగాలు చెప్పాయి. ఒక అడుగుకూ తరువాతి అడుగుకూ మధ్య కాలంలో తేడా సెకను మాత్రమే. ఆ సెకనులో ఆవిరైన వాసనలోని తేడాను కుక్క పోల్చుకుంటోందన్నమాట. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా మనం లోకంలో సగాన్నే చూస్తున్నామనిపిస్తుంది.

వాసన అంటే ఒంటి నుంచి రాలే చర్మపు పొలుసులు, పాదాల మెత్తల్లోని చెమట, నలిగిన గడ్డి, కదిలిన మట్టి అన్నీ కలిసినది. తేమ ఉన్న చల్లని నేల దాన్ని పట్టి ఉంచుతుంది. ఎండ, పొడి గాలి దాన్ని చెదరగొడతాయి. అందుకే ఆరిజోనా రాతి నేలల మీద రాత్రి జాడను పొద్దెక్కాక తీయగల కుక్కకు వేటగాళ్ళలో ప్రత్యేకమైన గౌరవం ఉంటుంది. ఎలుగుబంటి, రకూన్ వాసనతో పోలిస్తే బాబ్‌క్యాట్ వాసన పలుచనిదని కూడా వారు చెబుతారు. రకూన్ వేటలో పేరు తెచ్చుకున్న కుక్క పిల్లి వేటలో తేలిపోవడం మామూలే.

తరుముతున్న కుక్కల ముందు బాబ్‌క్యాట్ నేరుగా పరుగెత్తదు. ఇడాహో ఆగ్నేయ ప్రాంతంలో థియొడోర్ బెయిలీ చేసి 1974లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వయసొచ్చిన ఆడ బాబ్‌క్యాట్లు ఒకదాని హద్దులోకి మరొకటి పెద్దగా రాకుండా తమ తమ నేలల్లోనే ఉంటాయి. మగవాటి నేలలు ఇంకా పెద్దవి, ఆడవాటి నేలల మీదుగా పరచుకుని ఉంటాయి. తన నేలలో ప్రతి రాయీ పొదా తెలిసిన జంతువు ఆ నేలలోనే గుండ్రాలు తిరుగుతుంది. వచ్చిన దారినే కొంత వెనక్కి నడిచి ఒక్క దూకుతో పక్కకు తప్పుకుంటుంది. పడిపోయిన మాను మీదుగా నడుస్తుంది, కుక్క దూరలేని ముళ్ళపొదల కిందుగా పోతుంది, రాతి గోడల అరుగుల మీదికి ఎక్కుతుంది. జార్జియా, మిసిసిపీ చిత్తడి అడవుల్లో గంటల తరబడి చెట్టెక్కకుండానే కుక్కలను తిప్పి తిప్పి వదిలించుకునే పిల్లులు కోకొల్లలు.

దాని బలహీనత మరోచోట ఉంది. పిల్లి జాతి శరీరం పొంచి ఉండి, ఒక్క ఉదుటున దూకి, క్షణాల్లో పని ముగించేందుకు తయారైనది. వేగంగా ముడుచుకునే కండర తంతువులు దానికి ఎక్కువ, ప్రాణవాయువును నిలకడగా అందించే ఏర్పాటు తక్కువ. కుక్కకు శరీర బరువుతో పోలిస్తే పెద్ద గుండె, గంటల తరబడి ఒకే ఊపున సాగే కాళ్ళు. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ కొండల్లో ప్యూమాలకూ వాటిని తరిమిన జాగిలాలకూ కదలికలను నమోదు చేసే కాలర్లు కట్టి చేసిన పరిశోధన 2017లో వెలువడింది. కుక్కలకు దొరకకుండా పరుగెత్తే కొద్ది నిమిషాల్లో ప్యూమా ఖర్చు చేసే శక్తి, అది మామూలుగా వేటకు తిరిగేటప్పటి ఖర్చుకు అనేక రెట్లని అందులో తేలింది. గిర్రున మలుపులు తిరగడం, ఎనిమిది అంకె ఆకారంలో పరుగెత్తడం, చివరికి చెట్టెక్కడం అన్నీ ఆ ఖర్చును తగ్గించుకునే మార్గాలే. బాబ్‌క్యాట్ ప్యూమా కంటే చాలా చిన్నదైనా ఈ లెక్క దానికీ వర్తిస్తుందనుకోవడంలో తప్పు లేదు.

తోడేళ్ళతో వేల ఏళ్ళు కలిసి బతికిన పిల్లికి చెట్టు ఎంత తెలివైన ఎంపికో చూడండి. తోడేలు చెట్టెక్కలేదు, కాసేపు చూసి, ఆకలి తీరే దారి వేరే చూసుకుంటుంది. జాగిలం మాత్రం పోదు, ఎందుకంటే దానికి తిండి పెట్టేది కింద జరిగే వేట కాదు, వెనుక నడిచి వచ్చే మనిషి. తోడేలు నుంచి కాపాడిన అదే కొమ్మ మీద పిల్లి తుపాకీకి కదలని గురి అవుతుంది.

ఆ మనిషి రాక చెవితో మొదలవుతుంది. జాడ మీద ఉన్నప్పుడు జాగిలం సాగదీసి కూస్తుంది. చెట్టు దగ్గర గొంతు మారి, పొట్టిగా, ఎడతెగకుండా మొరుగుతుంది. మైలు దూరం నుంచే ఏ కూత ఏ కుక్కదో చెప్పగల యజమానులున్నారు, ఆ కూతల కోసమే రాత్రంతా అడవిలో గడిపి పిల్లిని కొట్టకుండా తిరిగి వచ్చేవారూ ఉన్నారు. ఇప్పుడు కుక్కల మెడలో జీపీఎస్ కాలర్లు వచ్చి, అవి ఎక్కడున్నాయో చేతిలోని తెర మీద చూపుతున్నాయి. ఇది పోటీని మరీ ఏకపక్షం చేసిందని వేటను వ్యతిరేకించేవారు అంటారు; కుక్కలు దారి తప్పడం, హైవే మీద చావడం తగ్గిందని వేటగాళ్ళు అంటారు. రెండూ నిజమే.

చెట్టు కింద నిలబడిన మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుందన్నది ఈ పద్ధతిని సమర్థించేవారి ముఖ్యమైన వాదన. చూసి వదిలేయవచ్చు, కుక్కలను గొలుసు కట్టి తీసుకుపోవచ్చు. ప్యూమా విషయంలో ఈ వాదనకు బలముంది. బాబ్‌క్యాట్‌లో మాత్రం కొమ్మల మధ్య ముడుచుకున్నది ఆడదో మగదో కింది నుంచి తేల్చడం కష్టం. చాలా రాష్ట్రాల్లో చలి నెలల్లోనే వేటకు అనుమతించడానికి కారణం బొచ్చు అప్పుడే ఒత్తుగా ఉండడంతో పాటు, వసంతంలో పుట్టిన కూనలు అప్పటికి కొంత ఎదిగి ఉండడం.

ఆ వ్యవధి శాస్త్రానికి కూడా పనికివచ్చింది. తరువాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1901 తొలి నెలల్లో కొలరాడోలో తన బృందంతో కలిసి జాగిలాలతో 14 ప్యూమాలను వేటాడి, ఒక్కొక్కదాన్నీ తూచి, కొలిచి, పుర్రెలను వాషింగ్టన్‌లోని జీవశాస్త్రజ్ఞులకు పంపాడు. 1960లలో ఇడాహోలో జీవశాస్త్రజ్ఞుడు మారిస్ హార్నాకర్, వేటగాడైన విల్బర్ వైల్స్ జాగిలాలను తోడు తీసుకుని, ప్యూమాలను చెట్టెక్కించి మత్తుమందు ఇచ్చి గుర్తులు వేసి వదిలిపెట్టాడు. ప్యూమా జీవితం గురించి మనకు తెలిసినదానికి పునాది ఆ పనే. ప్యూమాలను చంపడానికి పెంచిన కుక్కలు వాటిని బతికుండగా లెక్కించే విద్యకు సాయపడ్డాయి.

లెక్క అన్నది చిన్న విషయం కాదు. 1970ల్లో చిరుత వంటి పెద్ద చుక్కల పిల్లుల చర్మాల వ్యాపారానికి అంతర్జాతీయ కట్టుబాట్లు రావడంతో కొనుగోలుదారుల చూపు బాబ్‌క్యాట్ మీద పడింది, ధరలు పెరిగాయి. 1977లో దాన్ని, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో చేర్చారు. నమ్మదగిన సంఖ్యల అంచనా లేకుండా చర్మాల ఎగుమతిని అనుమతించరాదని 1981లో అమెరికా అప్పీలు కోర్టు తీర్పు ఇస్తే, మరుసటి ఏడాదే అక్కడి కాంగ్రెస్ చట్టాన్ని సవరించి ఆ నిబంధనను తొలగించింది. కనిపించని జంతువును లెక్కపెట్టడం అంత కష్టమని ఒప్పుకున్నట్టే అది.

రాష్ట్రాలు తలోదారి పట్టాయి. వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 1996లో బాబ్‌క్యాట్‌తో సహా పలు జంతువుల మీద జాగిలాల వేటను నిషేధించారు. కాలిఫోర్నియా 2012లో చేసిన చట్టంతో బాబ్‌క్యాట్, ఎలుగుబంటి వేటలో కుక్కలను కాదంది. కొలరాడోలో ప్యూమా, బాబ్‌క్యాట్ వేటను ఆపాలన్న ప్రతిపాదన 2024లో వీగిపోయింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ‘వేట’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే తరమడం, ఉచ్చు వేయడం, వాటి ప్రయత్నం కూడా ఉన్నాయి కాబట్టి, అడవిపిల్లి మీదికి కుక్కను ఉసిగొల్పడమే నేరం. చెట్టు దాకా వెళ్ళే అవసరమే రాదు.

విస్కాన్సిన్‌లో కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడ తోడేళ్ళు తిరిగివచ్చాయి. తమ హద్దులో గొంతెత్తి పరుగెత్తే జాగిలాలను అవి చొరబడిన పరాయి మందగా చూసి చంపేస్తున్నాయి. చనిపోయిన వేటకుక్కకు రాష్ట్రం 2,500 డాలర్ల వరకు పరిహారం ఇస్తుంది. తోడేళ్ళ దాడులు జరిగిన చోట్లను వన్యప్రాణి శాఖ పటాల్లో గుర్తించి ప్రకటిస్తుంది, కుక్కలను వదిలే ముందు వాటిని చూసుకోమని వేటగాళ్ళకు చెబుతుంది.