ర్యాంక్ లిస్టులో "సేఫ్" హాస్పిటల్‌ని ముందు పెట్టొచ్చా? అమెరికా ఫార్మసీ రెసిడెన్సీపై అపోహలు – వాస్తవాలు

ఫిబ్రవరి చివరి వారం వచ్చిందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. ఫార్మ్ డీ (ఫార్మసీ డాక్టరేట్) ఆఖరి ఏడాది పిల్లలు, వాళ్ళ రూమ్మేట్లు, అప్పుడప్పుడూ వాళ్ళ నాన్నలు కూడా. రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత హాస్పిటల్లో జీతంతో చేసే శిక్షణ) ఇంటర్వ్యూలు అయిపోయి ఉంటాయి, ఏ హాస్పిటల్ ఎంత ఇష్టమో వరసగా రాసిచ్చే ర్యాంక్ లిస్టుకి మార్చి మొదట్లో గడువు. అందరూ తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "అన్నా, నాకు బాగా నచ్చిన హాస్పిటల్‌కి కాంపిటీషన్ ఎక్కువ. దాన్ని ఫస్ట్ పెడితే అది ఎలాగూ రాదు, ఈలోగా రెండోది కూడా నిండిపోతుందంట కదా? సేఫ్‌గా ఉన్నదాన్నే ముందు పెట్టమంటున్నారు."

ఎవరంటున్నారు అని అడిగితే "గ్రూపులో" అంటారు. ఆ గ్రూపులో కూర్చుని ఈ మాట పుట్టించే మహానుభావుడెవరో ఇంతవరకూ నాకు దొరకలేదు.

నేను అమెరికాలో ఒక హాస్పిటల్లో క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. రెసిడెన్సీ చేసే ఈ ఉద్యోగంలోకి వచ్చాను, ఇప్పుడు రెసిడెంట్లకి ప్రిసెప్టర్‌ని (పక్కనుండి పని నేర్పేవాణ్ణి), ఇంటర్వ్యూ ప్యానెల్లో కూడా కూర్చుంటాను. పీజీవై1 (డిగ్రీ తర్వాత మొదటి ఏడాది రెసిడెన్సీ), ఫార్‌కాస్ (దానికి అప్లై చేసే ఆన్‌లైన్ పద్ధతి), ఫేజ్ 2 (సీట్ల రెండో విడత) లాంటి మాటలు తెలిసినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను కాబట్టి అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టను.

అపోహ: మొదటి స్థానంలో "రాని" హాస్పిటల్ పెడితే రెండోది కూడా పోతుంది

పోదు. దీని వల్ల జరిగే నష్టం మరే అపోహ వల్లా జరగదు కాబట్టి, కాస్త ఓపిగ్గా చదవండి.

అభ్యర్థుల లిస్టుల్నీ, హాస్పిటళ్ళు రాసుకున్న లిస్టుల్నీ కలిపి ఎవరికి ఏ సీటో తేల్చేదే మ్యాచ్. దాన్ని ఏఎస్‌హెచ్‌పీ (అమెరికాలో హాస్పిటల్ ఫార్మసిస్టుల సంఘం) తరఫున నడిపేది నేషనల్ మ్యాచింగ్ సర్వీసెస్ అనే సంస్థ. గడువు అయ్యాక కంప్యూటర్ మీ పేరును మీ లిస్టులోని మొదటి హాస్పిటల్‌కి తీసుకెళ్తుంది. ఆ హాస్పిటల్ కూడా మీ పేరు రాసుకుని ఉండి, సీటు ఖాళీగా ఉంటే మిమ్మల్ని అక్కడ కూర్చోబెడుతుంది. అయితే ఆ కూర్చోవడం తాత్కాలికమే. ఆ హాస్పిటల్ మీకంటే పైన రాసుకున్నవాళ్ళు తర్వాత వస్తే మీరు లేచి మీ రెండో హాస్పిటల్‌కి వెళ్తారు. అందరి లిస్టులూ ఇలా తేలేదాకా ఏ సీటూ ఖాయం కాదు.

ఉదాహరణకి, మీకు బాగా నచ్చింది ఒక పెద్ద టీచింగ్ హాస్పిటల్. రెండో ఇష్టం ఒక కమ్యూనిటీ హాస్పిటల్, అక్కడ రెండు సీట్లున్నాయి. ఆ కమ్యూనిటీ హాస్పిటల్ మిమ్మల్ని తన లిస్టులో మూడో పేరుగా రాసుకుంది. కంప్యూటర్ ముందు మిమ్మల్ని టీచింగ్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది, అక్కడ దొరకలేదు. ఈలోగా కమ్యూనిటీ హాస్పిటల్ రెండు సీట్లలోనూ మనుషులు కూర్చున్నారు. ఒకరు దాని లిస్టులో ఐదో పేరు, ఇంకొకరు తొమ్మిదో పేరు. ఇద్దరూ దాన్ని ఫస్ట్ పెట్టుకున్నవాళ్ళే. ఇప్పుడు మీరు వచ్చారు. తొమ్మిదో పేరాయన లేవాల్సిందే, ఆ సీటు మీది. ఆయన ముందొచ్చాడు, మీరు ఆలస్యంగా వచ్చారు అన్న లెక్క అక్కడ ఉండదు. మీరు ఆ హాస్పిటల్‌ని రెండో స్థానంలో పెట్టారన్న సంగతి దానికి తెలియదు కూడా.

ఇప్పుడు గ్రూపు మాట విని కమ్యూనిటీ హాస్పిటల్‌ని ఫస్ట్ పెట్టారనుకోండి. అదే సీటు వస్తుంది. కానీ టీచింగ్ హాస్పిటల్‌ని కంప్యూటర్ అసలు అడగనే అడగదు. అక్కడ మీ పేరు పైన ఉండి ఉంటే? వచ్చే అవకాశాన్ని మీ చేత్తో మీరే కొట్టేసుకున్నట్టు. అలా చేయడం వల్ల కొత్తగా కలిసొచ్చేది మాత్రం ఏమీ లేదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. ఈ రకం పొందిక మీద గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో రాశారు. ఆల్విన్ రాత్, ఎలియట్ పెరాన్సన్ కలిసి 1990లలో డాక్టర్ల మ్యాచ్‌ని అభ్యర్థుల వైపు నుంచి మొదలయ్యేలా తిరగరాశారు. రాత్‌కి, షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అభ్యర్థుల వైపు నుంచి మొదలయ్యే పద్ధతిలో తన అసలు ఇష్టం దాచి ఇంకో వరస రాసి బాగుపడే దారి అభ్యర్థికి లేదని లెక్కలతో రుజువు చేసి పెట్టారు. ఆ రుజువు కంటే గ్రూపులో ఫార్వర్డ్ మెసేజ్‌కి విలువ ఎక్కువ ఇస్తున్నాం మనం.

మన పిల్లల్లో ఈ భయం ఎందుకు ఎక్కువో నాకు అర్థమవుతుంది. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంట్లో అందరూ కంప్యూటర్ చుట్టూ చేరి, పోయినేడాది ఏ ర్యాంకుకి ఏ కాలేజీ వచ్చిందో చూసి "మన ర్యాంకుకి తగ్గట్టు" సర్దిన అలవాటు అది. అక్కడ రాష్ట్రం మొత్తానికీ మీకు ఒకటే ర్యాంకు. ఇక్కడ ప్రతి హాస్పిటల్‌కీ దాని లిస్టు దానిదే, ఒకచోట రెండో పేరు ఇంకోచోట ఇరవయ్యో పేరు కావచ్చు. మీ "ర్యాంకు" ఎంతో మీకే కాదు, ఎవరికీ తెలియదు. తెలియని ర్యాంకుకి తగ్గట్టు ఎలా సర్దుతారు?

ఆమధ్య నా దగ్గర రొటేషన్ (విద్యార్థిగా హాస్పిటల్ శిక్షణ) చేసిన ఒక అమ్మాయికి ట్రాన్స్‌ప్లాంట్ (అవయవ మార్పిడి) విభాగం అంటే ప్రాణం. ఆ విభాగం పెద్దగా ఉన్న హాస్పిటల్లో ఇంటర్వ్యూ బాగా చేసొచ్చింది. సీనియర్లు భయపెడితే దాన్ని రెండో స్థానానికి దింపి, దగ్గర్లోని హాస్పిటల్‌ని పైన పెట్టింది. మ్యాచ్ రోజు పైన పెట్టినదే వచ్చింది. ఇంట్లోవాళ్ళు సంతోషపడ్డారు. అదే రోజు ఫేజ్ 2 కోసం ఖాళీ సీట్ల లిస్టు వచ్చింది. అందులో ఆ ట్రాన్స్‌ప్లాంట్ హాస్పిటల్ పేరు ఉంది, పక్కన ఒక సీటు ఖాళీ అని.

వాళ్ళు ఆమె పేరు అసలు రాసుకున్నారో లేదో మాకు తెలియదు. లిస్టు అడుగున రాసుకుని ఉన్నా సరే, ఆమె దాన్ని ఫస్ట్ పెట్టి ఉంటే ఆ సీటు ఆమెదే. ఫేజ్ 1లో మ్యాచ్ అయినవాళ్ళు ఫేజ్ 2లోకి రాలేరు. "అన్నా, లిస్టు చూశారా?" అని ఫోన్ చేసింది. చూశానన్నాను. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఐసీయూలో మంచి ఉద్యోగంలోనే ఉంది, అది వేరే సంగతి.

దీనికి తోకలాంటి అపోహ ఇంకోటుంది. ఇంటర్వ్యూ తర్వాత వాళ్ళు మెయిల్ రాయలేదు కాబట్టి వాళ్ళకి మన మీద ఆసక్తి లేదని ఆ హాస్పిటల్‌ని కిందకి తోసేయడం. మాతో సహా చాలామంది కావాలనే ఏమీ రాయరు. మీ ర్యాంకింగ్ ఏమిటని హాస్పిటల్ మిమ్మల్ని అడగకూడదన్నది మ్యాచ్ నియమం. అందుకని మౌనంగా ఉండటమే మాకు క్షేమం. తమాషా ఏంటంటే ఈ జబ్బు మా ప్యానెల్లోనూ ఉంది. "ఈ అబ్బాయి మన దగ్గరికి రాడులే, కింద పెడదాం" అనే పెద్దమనిషి ఒకరు ప్రతిచోటా ఉంటారు. పైన పెట్టాక అతను రాకపోతే సీటు తర్వాతి పేరుకి పోతుంది, మాకు పోయేదేముంది అని ఏటా చెబుతూనే ఉన్నాను.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజంగా అవసరం. మ్యాచ్ ఫలితానికి ఇద్దరూ కట్టుబడాలి. ఛస్తే వెళ్ళను అనుకున్న హాస్పిటల్‌ని లిస్టు నింపడం కోసం రాయకండి. వెళ్ళడానికి సిద్ధమైతే ఎంత కిందైనా రాయండి, దాని వల్ల పైవాటి అవకాశం వెంట్రుకవాసి కూడా తగ్గదు.

అపోహ: డాక్టరేట్ అయిపోయాక మళ్ళీ సగం జీతానికి చాకిరీ ఎందుకు?

ఇది నాన్నల ప్రశ్న. "బాబూ, లైసెన్స్ వచ్చాక కూడా ట్రైనింగేంటి? వీడికి ఏమైనా తక్కువైందా?" అని ఒకాయన చాలా బాధగా అడిగారు. "తక్కువేం కాలేదంకుల్, వాడికి కావాల్సిన ఉద్యోగానికి దారే అది" అన్నాను. డబ్బు సంగతి నిజమే. అమెరికాలో ఫార్మసిస్ట్ మధ్యస్థ జీతం ఏడాదికి 1,30,000 డాలర్ల పైన ఉంటే, రెసిడెంట్‌కి ఇచ్చేది సాధారణంగా అందులో సగం లోపే. దాంతోపాటు వీకెండ్ డ్యూటీలు. వారానికి 80 గంటలు మించకూడదన్న పరిమితి ఉంది, ఆ పరిమితి పెట్టాల్సి వచ్చిందంటే పని ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కానీ ఆ ఏడాదిలో జరిగేది చాకిరీ కాదు. నా రెసిడెన్సీ మొదట్లో ఒక రాత్రి కోడ్ బ్లూకి (రోగి గుండె ఆగినప్పుడు వచ్చే అత్యవసర పిలుపు) పరిగెత్తాను. గది నిండా జనం, ఒకరు ఛాతీ నొక్కుతున్నారు. నేను క్రాష్ కార్ట్ పక్కన ఎపినెఫ్రిన్ సిరంజిలు సిద్ధం చేస్తూ, ఇచ్చిన టైమ్ గ్లోవ్ మీద పెన్నుతో రాసుకుంటున్నాను. మూడు నుంచి ఐదు నిమిషాలకొక మిల్లీగ్రాము. డాక్టర్ తల తిప్పకుండానే "లాస్ట్ ఎపి ఎప్పుడు?" అన్నాడు. సమాధానం నా గ్లోవ్ మీద ఉంది. పొటాషియం ఎంత, ఉదయం నుంచి ఏ మందులు వెళ్ళాయి అని ఆ వెంటనే అడిగాడు. లైసెన్స్ పరీక్షకి ఎంత చదివినా ఆ ప్రశ్నకి అక్కడ నిలబడి జవాబు చెప్పడం రాదు. పక్కన ప్రిసెప్టర్ ఉండగా ఏడాదిపాటు మళ్ళీ మళ్ళీ నిలబడితేనే వస్తుంది.

అపోహ: రెసిడెన్సీ లేకపోతే ఉద్యోగమే లేదు

రిటైల్‌కి అక్కర్లేదు. లైసెన్స్‌కీ అక్కర్లేదు. రోగులతో నేరుగా పనిచేసే కొత్త ఫార్మసిస్టులందరికీ 2020 నాటికల్లా రెసిడెన్సీ తప్పనిసరి కావాలని ఏఎస్‌హెచ్‌పీ 2007లో ఒక విధానం పెట్టుకుంది. ఆ మాటే గాల్లో తిరిగి తిరిగి "రూల్ వచ్చేసింది" అయిపోయింది. అలాంటి చట్టం ఏదీ రాలేదు. అయితే పెద్ద హాస్పిటళ్ళలో ఐసీయూ, ఆంకాలజీ లాంటి క్లినికల్ పోస్టులకి రెసిడెన్సీ లేకుండా పోటీపడటం కష్టం, దాన్ని తక్కువ చేసి చెప్పను.

అపోహ: మా ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్ రెసిడెన్సీయే కదా

ఇండియాలో ఫార్మ్ డీ చేసినవాళ్ళ ప్రశ్న ఇది, తప్పు వాళ్ళది కాదు. 2008 నాటి ఫార్మ్ డీ నిబంధనల్లో ఆరో ఏడాదిని "ఇంటర్న్‌షిప్ లేదా రెసిడెన్సీ" అనే రాశారు. జనరల్ మెడిసిన్‌లో ఆరు నెలలు, ఇంకో మూడు విభాగాల్లో రెండేసి నెలలు. మంచి శిక్షణే. కానీ అది డిగ్రీలో భాగం. అమెరికాలో పీజీవై1 డిగ్రీ తర్వాతిది, అందులో కనీసం మూడింట రెండు వంతుల కాలం లైసెన్స్ ఉన్న ఫార్మసిస్ట్‌గా పనిచేయాలి. కాబట్టి అది ఇక్కడ పీజీవై1గా చెల్లదు.

ఇండియా డిగ్రీతో రావాలంటే ముందు ఎన్‌ఏబీపీ (అమెరికా ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం) విదేశీ ఫార్మసీ పట్టాదారులకి ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ కావాలి: కాగితాల పరిశీలన, ఎఫ్‌పీజీఈఈ అనే ఫార్మసీ పరీక్ష, ఇంగ్లీషుకి టోఫెల్. ఆ తర్వాత రాష్ట్రాన్ని బట్టి ఇంటర్న్ గంటలు, నాప్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష, చాలా రాష్ట్రాల్లో చట్టం మీద ఇంకో పరీక్ష. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవాళ్ళకి కనీసం ఐదేళ్ళ ఫార్మసీ కోర్సు ఉండాలి, అంటే నాలుగేళ్ళ బీఫార్మసీ చాలదు, పైన ఎంఫార్మసీ చేసినా ఆ లోటు తీరదు. ఇది తెలియక కన్సల్టెన్సీలకి డబ్బు కట్టి వచ్చినవాళ్ళని చూశాను. "ఇక్కడికొచ్చాక చూసుకోవచ్చు" అని వాళ్ళకి చెప్పినవాళ్ళు ఇప్పుడు ఫోన్ ఎత్తరు. విమానం ఎక్కకముందే ఎన్‌ఏబీపీ నిబంధనలు మీరే చదవండి.

మిగతావి గబగబా

జీపీఏ తక్కువైతే పనికిరాము: కొన్నిచోట్ల కటాఫ్ ఉంటుంది, నిజమే. ప్యానెల్లో మేం ఎక్కువసేపు మాట్లాడుకునేది మాత్రం కేసు ఎలా నడిపారు, తెలియనప్పుడు ఏం చేశారు అన్నదాని గురించే.

పెద్ద పేరున్నవాళ్ళ రికమెండేషన్ కావాలి: మీ పని దగ్గర నుంచి చూసినవాళ్ళది కావాలి. "మంచి విద్యార్థి, సమయపాలన ఉంది" అన్న రెండు వాక్యాల ఉత్తరం ఎంత పెద్దాయన రాసినా మాకు దాంట్లో తెలిసేది ఏమీ ఉండదు.

పీజీవై2 (రెండో ఏడాది రెసిడెన్సీ) కూడా చేయాల్సిందే: ఒక ప్రత్యేక విభాగంలో స్థిరపడాలంటేనే.

ఫేజ్ 2 అంటే మిగిలిపోయిన సీట్లు: 2016 నుంచి ఉన్న రెండో విడత అది, పద్ధతి కూడా అదే. ఒక మంచి హాస్పిటల్ ఫేజ్ 1లో తక్కువ పేర్లు రాసుకున్నా సీటు మిగిలిపోతుంది. పైన చెప్పిన ట్రాన్స్‌ప్లాంట్ హాస్పిటలే చూడండి.

మ్యాచ్ కాకపోతే అంతా అయిపోయినట్టే: కాలేదు. ఫేజ్ 2 ఉంది, ఆ తర్వాత కూడా మిగిలిన సీట్లకి నేరుగా అప్లై చేసుకోవచ్చు. హాస్పిటల్లో స్టాఫ్ ఫార్మసిస్ట్‌గా చేరి మళ్ళీ ఏడాది ప్రయత్నించినవాళ్ళు నాతో పనిచేస్తున్నారు. ఆ రోజు ఏడుపొస్తే ఏడవండి, ఫోన్ చేయండి. గ్రూపులో ఎవరెవరికి ఎక్కడొచ్చిందో మాత్రం ఆ సాయంత్రం చూడొద్దు.

ఇక లిస్టు వరస తేల్చుకున్నాక, సేవ్ చేసి పడుకోకుండా సర్టిఫై చేయండి. సర్టిఫై కాని లిస్టు మ్యాచ్‌లోకి వెళ్ళదు. ఆ పని గడువుకి ముందు రోజే పూర్తి చేసుకుంటే, చివరి రాత్రి వచ్చే ఫార్వర్డ్ మెసేజ్ చూసి టెన్షన్‌లో వరస మార్చే అవసరం ఉండదు.