పెట్టిన ఖర్చు ఎంత దూరం పారుతుంది

ఉపాధ్యాయులకు, నర్సులకు, గుమాస్తాలకు ప్రభుత్వం చెల్లించే జీతాల వల్ల అమ్ముకోదగిన వస్తువు ఏదీ తయారు కాదు కదా, మరి ఆ మొత్తాన్ని స్థూల దేశీయోత్పత్తిలో ఎందుకు కలుపుతారన్న ప్రశ్న పాఠకుల నుంచి తరచుగా వస్తూ ఉంటుంది. అడిగేవారి ఉద్దేశం సాధారణంగా ఒక్కటే: ఉత్పత్తి వేరు, ఖర్చు వేరు, కుటుంబాలూ ప్రభుత్వమూ ఎంత తక్కువ ఖర్చు పెడితే దేశం అంత తొందరగా బాగుపడుతుంది. ఒక ఇంటి విషయంలో చాలావరకు నిజమైన ఈ మాట దేశానికి అన్వయించగానే చిక్కుల్లో పడుతుంది, ఎందుకంటే ఒకరు పెట్టిన ఖర్చే మరొకరికి ఆదాయం. అయితే వర్ధమాన దేశంలో ఈ సూత్రాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మడానికి వీల్లేదు. ఎంత ఖర్చు పెట్టారన్నదాని కంటే ఆ ఖర్చు ఎవరి చేతుల మీదుగా ఎంత దూరం పారింది, చివరకు వస్తువులను పెంచిందా ధరలను పెంచిందా అన్నవే అక్కడ ముఖ్యమైన ప్రశ్నలు.

ముందుగా లెక్కల సంగతి క్లుప్తంగా చూద్దాం. కుటుంబాలు తమ అవసరాలకు కొనే వస్తువులు, సేవలు గృహ వినియోగ వ్యయం కిందకు వస్తాయి. సొంత పొలంలో పండించి ఇంట్లోనే తిన్న పంటకూ, సొంత ఇంట్లో ఉంటున్నందుకు చెల్లించనవసరం లేని అద్దెకూ గణాంకవేత్తలు విలువ కట్టి ఇందులో చేరుస్తారు; కొత్త ఇల్లు కట్టుకోవడం మాత్రం వినియోగం కాదు, పెట్టుబడి. ఇంట్లో వేతనం లేకుండా చేసే వంట, పిల్లల పెంపకం, వృద్ధుల సేవ ఏ పద్దులోనూ కనిపించవు. అందుచేత అవే పనులు క్రమంగా డబ్బిచ్చి చేయించుకునే పనులుగా మారుతున్న దేశంలో, జనం నిజంగా అనుభవిస్తున్నది అంతగా పెరగకపోయినా, వినియోగం వేగంగా పెరిగినట్లు లెక్కలు చూపిస్తాయి.

ప్రభుత్వ తుది వినియోగ వ్యయం దీనికంటే విచిత్రమైనది. పాఠశాలలో చెప్పే పాఠానికి, పోలీసు కాపలాకు బజారులో ధర ఉండదు కనుక, వాటి విలువను వాటికైన ఖర్చుతోనే కొలుస్తారు: జీతాలు, కొన్న సామగ్రి, వాడకం వల్ల భవనాలకూ పరికరాలకూ కలిగే తరుగుదల. రోడ్లు, వంతెనలు పెట్టుబడి కిందకు పోతాయి. ఇక పింఛన్లు, నగదు సాయం వంటి బదిలీ చెల్లింపులు ఈ పద్దులోకి అసలు రావు. ఆ డబ్బు అందుకున్న కుటుంబం దాన్ని ఖర్చు పెట్టినప్పుడు గృహ వినియోగంగా లెక్కకెక్కుతుంది. సంక్షేమానికి భారీగా వ్యయం చేసే ప్రభుత్వం కూడా జాతీయాదాయ పట్టికలో చిన్నదిగా కనిపించడానికి ఇదొక కారణం.

బోధన గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ వ్యయం, ఎగుమతులు కూడి, దిగుమతులు తీసివేస్తే దేశీయోత్పత్తి వస్తుందన్న సమీకరణాన్ని విద్యార్థుల చేత వల్లె వేయిస్తున్నాం కానీ, ఆ తీసివేత ఎందుకో వివరించడం లేదు. దాంతో దిగుమతి జరిగిన ప్రతిసారీ దేశీయోత్పత్తి తగ్గుతుందన్న భ్రమ చదువుకున్నవారిలోనూ పాతుకుపోయింది. విదేశీ వస్తువును ఒక కుటుంబం కొన్నప్పుడు దాని విలువ వినియోగంలో అప్పటికే చేరిపోయి ఉంటుంది. ఇక్కడ తయారు కానిదాన్ని ఇక్కడి లెక్కలోంచి తప్పించడమే ఆ తీసివేత పని. ఈ సంగతి స్పష్టంగా తెలిస్తే తప్ప తరువాత వచ్చే విషయం బోధపడదు.

ఆ తరువాతి విషయమే గుణకం, అంటే పెట్టిన ఖర్చు చివరకు ఎన్ని రెట్ల ఆదాయంగా మారుతుందో చెప్పే లెక్క. ఆర్థికశాస్త్రంలో నన్ను ఇంతగా ఆకట్టుకున్న యంత్రాంగం మరొకటి లేదు. బ్రిటిష్ ఆర్థికవేత్త రిచర్డ్ కాన్ 1931లో దీనికి రూపం ఇచ్చాడు. ఆ దేశానికే చెందిన ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1936లో దీన్ని తన సిద్ధాంతానికి మూలస్తంభం చేశాడు. కాలువలోకి వదిలిన నీటిని ఊహించుకోండి. మొదటి మడిని తడిపిన నీరు రెండో మడికి, అక్కడి నుంచి మూడో మడికి పారుతుంది; దారిలో కొంత ఇంకిపోతుంది, కొంత గండి పడి బయటికి పోతుంది. అలాగే ఖర్చు కూడా చేతులు మారుతూ పోతుంది, మారిన ప్రతిసారీ మూడు చోట్ల కారుతుంది: పన్నులోకి, పొదుపులోకి, దిగుమతిలోకి. మిగిలినదే తరువాతి మడికి చేరుతుంది.

అంకెలు వేసి చూద్దాం. ఇవి వాస్తవ గణాంకాలు కావు, యంత్రాంగం అర్థం కావడానికి ఎంచుకున్నవి. ఒక మధ్యతరగతి కుటుంబానికి అదనంగా 100 అందితే 15 పన్నుగా పోయి, మిగిలిన 85లో 17 పొదుపులో చేరి, ఖర్చయిన 68లో 18 విదేశీ వస్తువులకు వెళ్తుందనుకుందాం. దేశంలోని మరొకరికి ఆదాయంగా మారేది 50. వారి నుంచి 25, ఆపై 12.5, ఇలా ప్రతి మెట్టులో సగమవుతూ పోయే ఈ శ్రేణి మొత్తం కూడితే, దేశీయ వస్తువు మీద పెట్టిన ప్రతి 100 చివరకు 200 ఆదాయంగా తేలుతుంది. అంటే గుణకం 2. ఇప్పుడు పేద కుటుంబాన్ని తీసుకుందాం. వారికందిన 100లో వస్తువుల మీద పన్నుల రూపంలో 5 పోతుంది, పొదుపు 9.5కు మించదు, దిగుమతుల వాటా 8.5 మాత్రమే, దేశంలోనే మిగిలేది 77. సంపన్న కుటుంబంలో పన్ను 25, పొదుపు 30, దిగుమతులు 15 పోగా మిగిలేది 30.

ఈ మూడు కుటుంబాలను ముందు పెట్టుకుంటే ప్రభుత్వం ముందున్న దారులన్నింటినీ తూచవచ్చు. 100ను పేద కుటుంబానికి నగదుగా ఇస్తే 77 బజారులోకి వస్తుంది; ఆ తరువాతి చేతులు సగటు మధ్యతరగతివే అనుకుంటే దాని ఫలితం 154. అదే 100 సంపన్న కుటుంబానికి పన్ను రాయితీగా ఇస్తే 30 కదిలి 60 వద్ద ఆగిపోతుంది. కొత్తగా ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించి 100 జీతం ఇస్తే, ఆ బోధన విలువే లెక్కలో 100గా చేరుతుంది, ఆయన ఖర్చు ద్వారా మరో 100 వస్తుంది, మొత్తం 200. ప్రభుత్వం దేశీయ సామగ్రి కొంటే, అందులో దిగుమతి చేసుకున్న భాగాల విలువ 40 అయితే, ఫలితం 120. విదేశీ పరికరం కొంటే కొన్న ఏడాదిలో దేశీయాదాయానికి కలిగే ఉద్దీపన సున్నా. బడ్జెట్ పట్టికలో ఈ అయిదింటికీ అయిన భారం ఒక్కటే, 100. అందువల్ల మొత్తాన్ని మాత్రమే చూపి ప్రభుత్వం ఉదారంగా ఖర్చు పెట్టిందనో పొదుపుగా నడిచిందనో నిర్ణయించడం నాకు అర్థరహితంగా కనిపిస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా కలిపి చూడాలి. సంపన్న కుటుంబం నుంచి 100 పన్నుగా వసూలు చేసి పేద కుటుంబానికి ఇస్తే 60 తగ్గి 154 పెరుగుతుంది, నికరంగా 94. పేదలు కొనే సరకుల మీద పన్ను వేసి తిరిగి పేదలకే పంచితే నికర ఉద్దీపన ఏమీ ఉండదు. పరోక్ష పన్నుల మీద ఎక్కువగా ఆధారపడే వర్ధమాన దేశాల్లో ఈ రెండో స్థితి అరుదేమీ కాదు.

ఇంతవరకు చెప్పిన అంకగణితం అంతా ఒక షరతు మీద నిలబడి ఉంది: అడిగినంత సరకు తయారు కావాలి. మడి అప్పటికే నిండి ఉంటే వదిలిన నీరు గట్టు దాటి పొర్లడం తప్ప పైరుకు ఉపయోగపడదు. ఈ అభ్యంతరాన్ని అందరికంటే స్పష్టంగా చెప్పినవారిలో భారతీయ ఆర్థికవేత్త వి.కె.ఆర్.వి.రావు ఒకరు. కీన్స్ చూసిన దేశంలో కర్మాగారాలున్నాయి, యంత్రాలున్నాయి, పని తెలిసిన కార్మికులున్నారు. గిరాకీ ఒక్కటే లేదు. వెనుకబడిన వ్యవసాయ దేశంలో అలా కాదని రావు 1952లో ప్రచురించిన వ్యాసంలో వాదించారు. అక్కడ నిరుద్యోగిత ప్రచ్ఛన్నమైనది, అంటే అవసరానికి మించినమంది ఒకే పొలం పనిని పంచుకోవడం వల్ల పైకి కనిపించదు. ఆహారోత్పత్తి స్వల్పకాలంలో పెరగదు. పైపెచ్చు ఆదాయం పెరిగిన రైతు కుటుంబం తన పంటలో ఎక్కువ భాగాన్ని తానే తింటే బజారుకు వచ్చే మిగులు తగ్గుతుంది. కాబట్టి గుణకం డబ్బు రూపంలో పనిచేస్తుంది కానీ సరకు రూపంలో పనిచేయదు, ఫలితం ద్రవ్యోల్బణం.

ఈ వాదనకు బలం ఎక్కడి నుంచి వస్తుందో గ్రహించాలంటే జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ దగ్గరికి వెళ్లాలి. బెల్జియం శ్రామిక కుటుంబాల పద్దులను పరిశీలించి ఆయన 1857లో ప్రకటించిన సూత్రం ప్రకారం, కుటుంబం ఎంత పేదదైతే దాని ఖర్చులో ఆహారం వాటా అంత ఎక్కువ. ఆర్థికశాస్త్రంలో ఇంతగా నిలబడిన అనుభవసూత్రాలు చాలా తక్కువ. పేదల చేతిలో పెట్టిన డబ్బు అత్యధికంగా దేశంలోనే తిరుగుతుందని పైన చూశాం. ఎంగెల్ సూత్రం వల్ల ఆ డబ్బు మొట్టమొదట వెళ్లేది ఆహారం మీదికే. అంటే గుణకాన్ని పెంచే గుణమే దాన్ని ధరల వైపు మళ్లించే ప్రమాదాన్ని కూడా తెస్తుంది. ధాన్యం నిల్వలు, గిడ్డంగులు, రవాణా, సాగునీరు సరిగా ఉన్న చోట పేదలకు ఇచ్చిన డబ్బు ఉత్పత్తిని పెంచుతుంది. లేని చోట, ఆ డబ్బు అందని పేదల కంచంలోంచి కొంత తీసి అందినవారికి వడ్డించినట్లవుతుంది. వినియోగాన్ని పెంచే విధానమూ సరఫరాను పెంచే విధానమూ రెండు పరస్పర విరుద్ధ శిబిరాలన్నట్లు సాగే చర్చలు నాకు బాధ కలిగించేది ఇందుకే.

రావు భయపడినంతా ప్రతిచోటా జరుగుతుందా? దీనికి అరుదైన ప్రయోగ సాక్ష్యం కెన్యా గ్రామీణ ప్రాంతం నుంచి వచ్చింది. 653 గ్రామాల్లో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచి, 10,500కు పైగా పేద కుటుంబాలకు ఒక్కొక్కదానికి సుమారు 1,000 డాలర్లు మూడు విడతల్లో ఇచ్చారు. ఆ ప్రాంతపు వార్షికోత్పత్తిలో ఇది 15 శాతానికి పైగా ఉంటుంది. 2022లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం స్థానిక గుణకం సుమారు 2.5, ధరల పెరుగుదల సగటున 0.1 శాతం మాత్రమే. డబ్బు అందని పొరుగు కుటుంబాల వినియోగం కూడా పెరిగింది. ధరలు పెరగకపోవడానికి పరిశోధకులు సూచించిన కారణం నిరుపయోగంగా పడి ఉన్న సామర్థ్యం. రోజంతా తెరిచి ఉన్నా గిరాకీ కోసం ఎదురు చూసే చిన్న వ్యాపారి, సగం సేపు ఖాళీగా ఉండే పిండిమర వంటివాటికి వచ్చే అదనపు గిరాకీ కొత్త ఖర్చు పెద్దగా లేకుండానే తీరుతుంది.

ఈ ఫలితాన్ని చూసి ఉత్సాహపడటం సహజమే, నేనూ పడ్డాను. కానీ దాన్ని ఒక దేశానికంతటికీ యథాతథంగా అన్వయించడం తగదు. ఆ డబ్బు బయటి నుంచి వచ్చింది. దానికోసం ఎవరి మీదా పన్ను వేయలేదు, ఎవరూ అప్పు చేయలేదు. పక్క జిల్లా నుంచి తెచ్చిన ఆహారం ఆ ప్రాంతానికి సరఫరా అవుతుంది కానీ, దేశమంతటా ఒకేసారి డబ్బు పంచితే పక్క జిల్లా అంటూ మిగలదు. 44 దేశాల ప్రభుత్వ వ్యయాన్ని పరిశీలించి ఇల్జెట్జ్‌కీ, మెండోజా, వేగ్ 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ జాగ్రత్తకు మరింత బలం ఇస్తుంది. వర్ధమాన దేశాల్లో గుణకం పారిశ్రామిక దేశాల కంటే తక్కువగా ఉందని, వాణిజ్యానికి బాగా తెరుచుకున్న దేశాల్లోనూ, మారకపు రేటును స్వేచ్ఛగా వదిలిన దేశాల్లోనూ అది చాలా చిన్నదని, ప్రభుత్వ రుణం అధికంగా ఉన్న చోట ప్రతికూలం కూడా అవుతుందని వారు తేల్చారు. నా దృష్టిలో ఈ రెండు అధ్యయనాలు ఒకదాన్నొకటి ఖండించవు. కాలువ గట్టు ఎంత గట్టిదో, మడి ఎంత ఎండి ఉందో రెండు వేర్వేరు చోట్ల కొలిచి చెప్పినవి మాత్రమే అవి.

గృహ వినియోగమూ ప్రభుత్వ వినియోగమూ కలిసే మరొక చోటు ఉంది, దానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదు. జబ్బు చేస్తే ఆదుకునేవారు లేని సమాజంలో కుటుంబాలు ఆ భయంతోనే డబ్బు దాచుకుంటాయి. అటువంటి చోట ప్రభుత్వం వైద్యానికి పెట్టే ఖర్చు, చికిత్స రూపంలో అందే సేవకు తోడు, దాచిన డబ్బును కూడా కదిలిస్తుంది. చైనా 2003లో గ్రామీణ సహకార వైద్య బీమాను ప్రారంభించిన తరువాత, అందులో చేరిన కుటుంబాల వైద్యేతర వినియోగం 5 శాతానికి పైగా పెరిగిందని ఒక అధ్యయనం చూపింది. చికిత్స అవసరమే పడని కుటుంబాల్లో కూడా ఆ పెరుగుదల కనిపించడం గమనించదగినది. వారిని కదిలించింది బీమా చెల్లించిన డబ్బు కాదు, భయం తగ్గడం. అయినప్పటికీ చైనాలో గృహ వినియోగం నేటికీ దేశీయోత్పత్తిలో సుమారు 40 శాతమే. భారతదేశంలో అది సుమారు 60 శాతం. ఎక్కువ వాటా ఉన్నంత మాత్రాన ప్రజలు బాగా బతుకుతున్నారని అనుకోకూడదు. ఆదాయమంతా తిండికే సరిపోయే దేశంలోనూ వాటా ఎక్కువగానే ఉంటుంది.

చివరిది, అన్నింటికంటే కఠినమైనది, అదను. వినియోగ వ్యయం బాగా పనిచేసేది సామర్థ్యం ఖాళీగా ఉన్నప్పుడు, అంటే మాంద్యంలో. సరిగ్గా అప్పుడే వర్ధమాన దేశానికి పన్ను రాబడి పడిపోతుంది, విదేశీ రుణదాతలు వెనక్కి తగ్గుతారు. అందుకే అక్కడి ప్రభుత్వాలు మంచి కాలంలో విరివిగా ఖర్చు పెట్టి చెడ్డ కాలంలో కోతలు విధిస్తాయని కమిన్‌స్కీ, రైన్‌హార్ట్, వేగ్ 2004లో వివరంగా చూపారు. నీరు నిండుగా ఉన్నప్పుడు తూము ఎత్తి, ఎండినప్పుడు దించడం అన్నమాట. దీన్ని దాటడం అసాధ్యం కాదు. చిలీ 2001 నుంచి తన ఖర్చును ఆ ఏటి రాగి ధరకు కాకుండా, నిపుణుల సంఘం అంచనా వేసిన దీర్ఘకాలిక ధరకు ముడిపెట్టింది. ఆ దశాబ్దం మధ్యలో రాగి ధర ఎగసినప్పుడు ఖర్చు పెంచాలన్న ఒత్తిడిని తట్టుకుని ఆ మిగులును నిధుల్లో దాచింది. ప్రపంచ సంక్షోభం తాకినప్పుడు, 2009 జనవరిలో, సుమారు 400 కోట్ల డాలర్ల ఉద్దీపన ప్రకటించగలిగింది. అందులో కొంత తక్కువ ఆదాయ కుటుంబాలకు నేరుగా నగదుగా చేరింది.