నీటి చలికి లెక్క వేరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్లే తల్లిదండ్రులకు అలాస్కా ఓడ ప్రయాణం ఇప్పుడు కొత్త సంగతి కాదు. సియాటిల్ నుంచో, కెనడాలోని వాంకూవర్ నుంచో బయలుదేరే ఈ ఓడలు మే నుంచి సెప్టెంబరు దాకా జూనో, కెచికాన్, స్కాగ్వే వంటి రేవులను చుట్టివస్తాయి. హిమానీనదాల సమీపంలో కయాక్ అనే సన్నని తెడ్డు పడవ నడపడం, తిమింగలాలను చూడడానికి చిన్న పడవల్లో వెళ్లడం, ఓడ పైఅంతస్తులో ఆరుబయట వేడినీటి తొట్టెలో కూర్చోవడం అక్కడి ఆకర్షణలు. బయలుదేరే ముందు ఇంట్లో చర్చంతా స్వెట్టర్లు, మఫ్లర్లు, మంకీ క్యాపుల గురించే సాగుతుంది. అవి గాలి చలికి పనికివస్తాయి. నీటి దగ్గర చలి పనిచేసే తీరే వేరు.

గాలి కంటే నీరు వేడిని సుమారు 24 రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది. ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి కంటే, ఒక లీటరు నీటిని అంతే వేడెక్కించడానికి దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడి కావాలి. ఈ రెండు గుణాలూ కలిసి, నీటిలో దిగిన శరీరం నుంచి వేడిని ఆపకుండా లాగేస్తాయి. 25 డిగ్రీల గాలిలో హాయిగా కూర్చోగలిగిన మనిషి అదే 25 డిగ్రీల నీటిలో కదలకుండా కూర్చుంటే కొంతసేపటికి వణకడం మొదలుపెడతాడు; కదలకుండా ఉన్న శరీరం వేడిని కోల్పోకుండా ఉండాలంటే నీరు 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో వెచ్చగా తోచే మన సముద్రం కూడా ఆ స్థాయికి చేరదు. పడవ తిరగబడి గంటల తరబడి నీటిలో చిక్కుకుంటే మన బంగాళాఖాతంలోనూ చలి పట్టుకోవడానికి కారణం ఇదే. అలాస్కా తీరంలో మండు వేసవిలోనూ నీరు చాలాచోట్ల 10 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, హిమానీనదాల ముందు ఇంకా తక్కువ.

అంత చల్లని నీటిలో హఠాత్తుగా పడిన మనిషికి మొదటి ముప్పు అందరూ అనుకునేట్టు శరీరం గడ్డకట్టడం వల్ల రాదు, ఊపిరి వల్ల వస్తుంది. చర్మం ఒక్కసారిగా చల్లబడగానే గొంతు తెరుచుకుని పెద్ద శ్వాస లోపలికి పోతుంది; ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీరే. తరువాత ఎగశ్వాస, గుండెదడ, రక్తపోటు పెరగడం. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చల్లని నీటిపై పరిశోధనలు చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ క్రమాన్ని గుర్తుంచుకోవడానికి 1-10-1 అనే సూత్రాన్ని ప్రచారం చేశారు: ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, కాళ్లూ చేతులూ చెప్పినట్టు వినే సమయం పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. నడుమనున్న ఆ పది నిమిషాలే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తాయి. అంతర్భాగాన్ని కాపాడుకోవడానికి శరీరం చేతులకు రక్తం తగ్గించేస్తుంది, నరాలూ కండరాలూ చల్లబడతాయి, వేళ్లు కొంకర్లు పోతాయి. లైఫ్ జాకెట్ బకిల్‌ను నొక్కడానికి బొటనవేలు రాదు, విసిరిన తాడు చేతికి అందినా పిడికిలి బిగుసుకోదు. కనుక పట్టీలన్నీ పడవ ఎక్కకముందే బిగించుకోవాలి. వేటకు వెళ్లే ఊళ్లలో పుట్టి పెరిగిన గజఈతగాళ్లకైనా ఇందులో మినహాయింపు లేదు.

ఇక బట్టల సంగతి. పొందూరు ఖద్దరు మన ఎండలకు ఎందుకంత హాయినిస్తుందో, చల్లని నీటి దగ్గర అది ఎందుకు పనికిరాదో చెప్పే కారణం ఒక్కటే. నూలు నీటిని ఇట్టే పీల్చుకుంటుంది, మెల్లగా ఆరుతుంది, ఆరుతున్నంత సేపూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. అరసవిల్లి ఇంద్ర పుష్కరిణిలో రథసప్తమి నాడు తెల్లవారకముందే మునిగి, తడిబట్టలతో వరుసలో నిలుచున్నవారికి నీటిలో కంటే గట్టు మీద గాలి వీచినప్పుడే ఎక్కువ చలి వేస్తుంది. లెక్క వేసి చూడండి. బట్టల్లో అర లీటరు నీరు ఉందనుకుంటే, అది పూర్తిగా ఆవిరి కావడానికి దాదాపు 1,200 కిలోజౌళ్ల వేడి కావాలి. ఊరికే కూర్చున్న మనిషి శరీరం పుట్టించే వేడి సుమారు 100 వాట్లు. ఆ లెక్కన అంత వేడి పుట్టించడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. కొంత వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి వచ్చినా, మిగతా భారమంతా ఒంటిదే. అందుకే ఒంటికి ఆనే పొరగా నూలు బనియన్లు, జీన్స్ ప్యాంట్లు అసలు వద్దు. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడోవంతు తేమను తనలోనే దాచుకుంటుంది, దాని ఉంగరాల మధ్య గాలి నిలిచి ఉంటుంది. తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది. పాలిస్టర్ తేమను పీల్చుకోదు కనుక త్వరగా ఆరుతుంది.

కయాక్ నడిపించే నిర్వాహకులు కొన్నిచోట్ల ఒంటికి బిగుతుగా పట్టే రబ్బరు దుస్తు అయిన వెట్‌సూట్‌నో, నీరు చొరని డ్రైసూట్‌నో ఇస్తారు. 1950ల ఆరంభంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ వెట్‌సూట్‌ను రూపొందించినప్పుడు గ్రహించిన విషయం ఏమిటంటే, వెచ్చగా ఉండడానికి ఒళ్లు పొడిగా ఉండనక్కర లేదు, నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న వాయు బుడగలే వేడిని ఆపుతాయి. సూటు వదులుగా ఉంటే చల్లని నీరు లోపలికీ బయటికీ తిరుగుతుంది, ఫలితం దక్కదు. డ్రైసూట్ నీటిని పూర్తిగా ఆపుతుంది, కానీ స్వతహాగా వెచ్చదనం ఇవ్వదు. లోపల ఉన్ని బట్టలు వేసుకోవలసిందే. దాన్ని తొడుక్కున్నాక గొంతుక్కూర్చుని, మెడ దగ్గర బిగుతుగా ఉండే రబ్బరు పట్టీని వేలితో కాస్త తెరిస్తే, లోపల చేరిన గాలి బుస్సున బయటకు పోతుంది. ఆ గాలి ఉండిపోతే, నీటిలో పడినప్పుడు అది కాళ్లలోకి చేరి మనిషిని తలకిందులు చేసే ప్రమాదం ఉంది.

తిమింగలాల పడవలో తడవకపోయినా గాలి ఉంటుంది. 10 డిగ్రీల వాతావరణంలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే పొడి చర్మానికే అది 6 డిగ్రీల చలిలా తోస్తుంది. పైన గాలి చొరని జాకెట్ లేకపోతే స్వెట్టర్లు ఎన్ని వేసినా వృథా.

వేడి టీ విషయంలో ఒక చిన్న లెక్క నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. 55 డిగ్రీల వేడి ఉన్న పావు లీటరు టీ ఒంట్లో చల్లారుతూ ఇచ్చే వేడి నాలుగున్నర కిలోకేలరీలు మాత్రమే. అందులో కలిపిన రెండు చెంచాల పంచదార ఇచ్చేది దాదాపు 40. వణికే కండరాలకు కావలసింది ఇంధనం కనుక జేబులో ఒక పొట్లం పలాస జీడిపప్పు ఉంచుకోవడం మంచి ఆలోచన. మద్యం మాత్రం చర్మానికి రక్తాన్ని మళ్లించి, వెచ్చగా ఉన్న భ్రమ కలిగిస్తూ లోపలి వేడిని బయటకు పంపేస్తుంది.

ఓడ మీద వేడినీటి తొట్టె కూడా అదే పని చేస్తుంది: చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి, రక్తపోటు తగ్గుతుంది. అందులోంచి చటుక్కున లేస్తే కళ్లు తిరగవచ్చు, తడి ఒంటికి చలిగాలి తగిలి వెచ్చదనం క్షణాల్లో పోతుంది. బీపీ మందులు వాడేవారు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. తువ్వాలు చేతికందే చోట పెట్టుకుని, మెల్లగా లేచి, వెంటనే తుడుచుకోవాలి.

నీటిలో పడినవారిని పైకి తీశాక తడిబట్టలు విప్పి, తుడిచి, పొడి రగ్గు కప్పాలి. గజగజ వణుకుతున్నారంటే శరీరం ఇంకా పోరాడుతున్నదని అర్థం. శరీర అంతర్భాగ ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గి, ఇంకా పడిపోతున్నకొద్దీ మాట తడబడుతుంది, మనిషి అయోమయంలో పడతాడు, చివరకు వణుకు ఆగిపోతుంది. ఆ స్థితిలో నడిపించకూడదు, కాళ్లూ చేతులూ రుద్దకూడదు, వేన్నీళ్ల స్నానం చేయించకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, కదపకుండా, ఓడలోని వైద్య సిబ్బందిని పిలవాలి.