దుప్పటి వదిలేసిన లైనస్

ప్రియమైన పిల్లలకు,

ఈ క్రిస్మస్ సెలవుల్లో మీరు తప్పకుండా చూడాల్సిన పాత బొమ్మల సినిమా ఒకటుంది. పేరు 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. 1965 డిసెంబరు 9న అమెరికాలో సీబీఎస్ టీవీలో మొదటిసారి వచ్చింది. అరగంట కూడా ఉండదు. పండగొచ్చి ఊరంతా హడావిడిగా ఉంటే చార్లీ బ్రౌన్‌కి మాత్రం మనసు బాగోదు. ఎందుకో వాడికీ తెలియదు. పిల్లాడి దిగులును తేలిగ్గా తీసేయకుండా దిగులుగానే చూపించారు, అందుకే నాకు ఈ సినిమా అంటే అంత ఇష్టం.

'పీనట్స్' బొమ్మల కథలు గీసే చార్ల్స్ షుల్జ్ దీన్ని రాశారు. లీ మెండెల్సన్ నిర్మాత, బిల్ మెలెండెజ్ దర్శకుడు. డబ్బు కోకాకోలాది. చేతిలో ఉన్నది ఆరు నెలలే. కంప్యూటర్లు లేని రోజులు కదా, బొమ్మలన్నీ చేత్తో గీయాల్సిందే.

పిల్లల పాత్రలకు గొంతిచ్చింది కూడా పిల్లలే. చార్లీ చెల్లెలు శాలీకి మాట్లాడిన పాపకు అప్పటికింకా చదవడం రాదు. డైలాగును ముక్కలు ముక్కలుగా చెప్పించి, రికార్డు చేసి, తర్వాత అతికించారు. చెవి పెట్టి వినండి, శాలీ మాటల్లో ఆ తడబాటు తెలుస్తుంది. నాకైతే అదే ముద్దుగా ఉంటుంది.

అప్పట్లో టీవీ కామెడీలో మాట మాటకీ వెనకాల రికార్డు చేసిన నవ్వులు వినిపించేవి. షుల్జ్ అవి వద్దంటే వద్దన్నారు. ఎక్కడ నవ్వాలో చూసేవాళ్లకే వదిలేశారు. సంగీతం విన్స్ గ్వరాల్డిది, జాజ్ అనే ఒక రకం అమెరికన్ సంగీతం. పిల్లల కార్టూన్‌కి జాజ్ ఏమిటని అప్పుడు చాలామందికి వింతగా అనిపించి ఉంటుంది.

ఇక చార్లీ స్నేహితుడు లైనస్ సంగతి. అసలు క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని చార్లీ అరుస్తాడు. లైనస్ స్టేజీ మధ్యకి వెళ్లి లూకా సువార్త రెండో అధ్యాయం అప్పజెబుతాడు. మన చర్చిల్లో క్రిస్మస్‌కి చదివే వాక్యాలే. టీవీలో బైబిలు చదివిస్తే ఎలా ఉంటుందోనని తోటివాళ్లు టెన్షన్ పడ్డా షుల్జ్ పట్టు విడవలేదు. లైనస్ చేతిలో ఎప్పుడూ ఒక దుప్పటి ఉంటుంది, అది లేకపోతే వాడికి భయం. 'భయపడకుడి' అన్న మాట దగ్గర ఆ దుప్పటి జారవిడుస్తాడు. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు. రెప్ప వేయకుండా చూడండి.

ముందుగా చూసిన చానల్ పెద్దలకు ఇది నచ్చలేదు, మరీ నెమ్మదిగా ఉందన్నారు. కానీ ప్రసారం రోజు ఖాయమైపోయింది, ఆపలేకపోయారు. తీరా ఆ రాత్రి టీవీల ముందున్న అమెరికన్లలో దాదాపు సగం మంది దీన్నే చూశారు. ఆ తర్వాత టీవీ కార్యక్రమాలకిచ్చే పెద్ద అవార్డులు ఎమ్మీ, పీబాడీ కూడా వచ్చాయి.

ఇప్పుడు ఆపిల్ టీవీలో దొరుకుతుంది. చూశాక ఎవరు నచ్చారో నాకు రాయండి.

మీ తాతయ్య