రికార్డులో చివరి గడి: ఛాత్రోపాధ్యాయుల స్వీయ పరిశీలన వెనుక చరిత్ర

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో బీఎడ్ చదివే ఛాత్రోపాధ్యాయుల పాఠ్యపథకం రికార్డు తెరిస్తే, చివర ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందన’ అనే గడి కనిపిస్తుంది. పాఠం ఎక్కడ సాగింది, ఎక్కడ ఆగింది, ముందుగా వేసుకున్న అంచనా ఎందుకు తప్పింది అన్నవి అక్కడ రాయాలి. చాలాసార్లు మాత్రం ‘విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారు’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది.

ఆ గడి కోరినట్టు తన ఆలోచనను తానే గమనించి సరిదిద్దుకోవడాన్ని మెటాకాగ్నిషన్ అంటారు, తెలుగులో అధిసంజ్ఞానం. దీనికి పునాది పడింది చిన్నపిల్లల మీద జరిగిన పరిశోధనలో. అమెరికా మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్, ఆయన సహచరులు 1970లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలకు కొన్ని బొమ్మలు ఇచ్చి, అన్నీ గుర్తుండిపోయాయన్న నమ్మకం కుదిరాకే అప్పజెప్పమన్నారు. పెద్ద పిల్లల నమ్మకం చాలావరకు నిజమైంది. బాగా చిన్నవాళ్లు మాత్రం వచ్చేసిందని చెప్పి, తీరా అప్పజెప్పేటప్పుడు తడబడ్డారు. రావడం వేరు, వచ్చిందనుకోవడం వేరు అన్న ఈ తేడాయే తర్వాతి చర్చకంతటికీ మూలం. మెటాకాగ్నిషన్ అన్న పదాన్ని ఫ్లావెల్ 1976లో వాడారు. పెద్దలలో ఈ ఎరుకను అంచనా వేసేందుకు పరిశోధకులు ష్రా, డెన్నిసన్ 1994లో 52 వాక్యాల ప్రశ్నావళిని రూపొందించారు.

మన ఉపాధ్యాయ శిక్షణ మరో దారిలో వచ్చింది. జర్మన్ విద్యాతత్త్వవేత్త హెర్బార్ట్ అనుయాయులు చెప్పిన బోధనా సోపానాలు పాఠ్యపథకానికి చట్రమయ్యాయి, సూక్ష్మబోధన ఒక్కో నైపుణ్యాన్ని విడిగా సాధన చేయించింది. రెండూ బోధనకు క్రమశిక్షణ ఇచ్చాయి, కాని బోధించే మనిషి లోపల ఏం జరుగుతోందో పెద్దగా అడగలేదు. ఏడాదిలో ముగిసే బీఎడ్‌లో అడిగే తీరికా తక్కువే. ఉపాధ్యాయ విద్యపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ 2012 నివేదిక తర్వాత వచ్చిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో కోర్సు రెండేళ్లకు పెరిగింది, పాఠశాల ఇంటర్న్‌షిప్ 20 వారాలైంది, ‘తనను తాను అర్థం చేసుకోవడం’ పాఠ్యప్రణాళికలో చేరింది.

అయినా ఆ గడి మారకపోవడానికి ఛాత్రోపాధ్యాయులను తప్పుపట్టలేం. ‘ఈ భావన నాకే సరిగా అర్థం కాలేదు’ అని రాస్తే మార్కులు పోతాయన్న భయం ఉన్నంతకాలం ఎవరూ నిజం రాయరు. ములుగు ఏజెన్సీ బడిలో, ఇంట్లో కోయ మాట్లాడే పిల్లల ముందు నిలబడిన ఛాత్రోపాధ్యాయురాలు, తరగతి నిశ్శబ్దంగా ఉంటే పాఠం అర్థమైందని అనుకోవచ్చు. ఆ నిశ్శబ్దానికి కారణం భాష కావచ్చునని ఆమెకు తోచేది, తన అంచనాను తాను ప్రశ్నించుకున్నప్పుడే. ఆ సందేహాన్ని ఆమె చివరి గడిలో రాసినప్పుడు, పర్యవేక్షకులు సంతకంతో సరిపెట్టక, రేపటి పాఠంలో ఏం మారుస్తావమ్మా అని ఆమెను కూర్చోబెట్టి అడగాలి. ఇంటర్న్‌షిప్‌కు 20 వారాలు కేటాయించింది ఇలాంటి సంభాషణకు చోటుండాలనే అని నేను నమ్ముతున్నాను.