ఢిల్లీ నుంచి ఫోన్ చేయిస్తే ఎగ్జిట్ వస్తుందా? గల్ఫ్ కేసుల్లో అపోహలు - వాస్తవాలు

జగిత్యాల వైపు గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల కుటుంబాలకు అర్జీలు రాసిపెట్టడం నా పని. వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "సార్, మినిస్టర్‌తో ఒక్క ఫోన్ చేయిస్తే మా పిల్లగాడు రాడా?"

అపోహ: ఎంబసీ తలుచుకుంటే కేసు కొట్టేయించి విమానం ఎక్కిస్తుంది.

వాస్తవం: ఎక్కించలేదు. హురూబ్ (పని వదిలి పారిపోయాడని యజమాని పెట్టే కేసు) తీసేదీ, ఎగ్జిట్ (దేశం వదిలి వెళ్లే అనుమతి) ఇచ్చేదీ ఆ దేశమే. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం జైల్లో ఉన్న మనవాణ్ని కలవడానికి, లాయరును పెట్టడానికి మన అధికారులకు హక్కుంది. అదే ఒప్పందం 55వ అధికరణ అక్కడి చట్టాల్లో వేలు పెట్టొద్దంటుంది. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరుంటే ఎంబసీ అవుట్‌పాస్ (ఇంటికి రావడానికి ఇచ్చే తాత్కాలిక ప్రయాణపత్రం) ఇస్తుంది, అంతవరకే.

"కఫాలా (కార్మికుణ్ని కఫీల్‌కు కట్టిపడేసే పద్ధతి) పోయిందట కదా" అంటారు. సౌదీలో 2021 మార్చి నుంచి కంపెనీ కార్మికులు యజమాని ఒప్పుకోకపోయినా ఎగ్జిట్‌కు దరఖాస్తు చేసుకునే వీలొచ్చింది. హౌస్ డ్రైవర్లను, గొర్రెల కాపర్లను, ఇంటిపనివాళ్లను అందులో కలపలేదు. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది వాళ్ల ఇళ్లవాళ్లే.

ఒక్క ఫోన్‌తో పనైపోతుందన్న నమ్మకం మీదే బతికే దళారులున్నారు. ఒకమ్మ కొడుకు సౌదీలో గొర్లు కాస్తూ హురూబ్‌లో పడ్డాడు. "ఢిల్లీలో మనోళ్లున్నరు" అన్నవాడికి ఆమె పుస్తెలతాడు కుదువపెట్టి డబ్బిచ్చింది. వాడు పాస్‌పోర్టు నకలు, ఆకామా (అక్కడి నివాస కార్డు) నంబరు, కఫీల్ ఫోన్ నంబరు ఒక్కటీ అడగలేదు. అర్జీకి ముందు కావలసినవే అవి! ఆమెను తప్పుపట్టలేను, కొడుకు గొంతు వినక నెలలైన తల్లి ఎవరు చెప్పినా నమ్ముతుంది. ఆ అబ్బాయి చివరికి అవుట్‌పాస్ మీద, తర్హీల్‌లో (దేశం నుంచి పంపించేసే కేంద్రంలో) వేలిముద్రలు వేసి వచ్చాడు. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదుకు పైసా ఖర్చు లేదు. టికెట్‌కు దిక్కులేనివాళ్ల కోసం ఎంబసీలో వెల్ఫేర్ ఫండ్ ఉంది.

అపోహ: గల్ఫ్ దేశాలకు మన కూలీలు కావాలి కాబట్టి మనం గట్టిగా అడగొచ్చు.

వాస్తవం: అడిగి చూశాం. ఇంటిపని మహిళల కోసం 2014లో కువైట్ యజమానుల నుంచి 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కోరాం. కువైట్ ఒప్పుకోలేదు, 2017లో మనమే వదులుకున్నాం. 2020లో గల్ఫ్ ఉద్యోగాలకు మనం నిర్ణయించే కనీస వేతనాన్ని మనమే తగ్గించి, గొడవయ్యాక మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నాం. మనం రేటు పెంచితే నేపాల్, బంగ్లాదేశ్ నుంచి తెచ్చుకుంటారన్న భయం ఎప్పుడూ ఉంటుంది.

అపోహ: ఆమ్నెస్టీ (వీసా చెల్లకుండా ఉన్నవాళ్లకు ఇచ్చే క్షమాభిక్ష) ఎలాగూ వస్తుంది, ఆగుదాం.

వాస్తవం: అది ఆ దేశం ఇష్టం. యూఏఈ 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చి మూసేసింది.

అపోహ: విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చు.

వాస్తవం: పది పాస్ కానివాడు అలా పోతే మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండదు, దాంతో వచ్చే 10 లక్షల బీమా ఉండదు, మన ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్లో అగ్రిమెంటూ ఉండదు. ఎలా పోయినా సరే, ఆకామా చేతికి రాగానే ఫొటో తీసి కఫీల్ నంబరుతో సహా ఇంటికి వాట్సాప్ చేయమనండి.