బీజింగ్ పార్కుల్లో నీళ్ల రాత ఎక్కడినుంచి వచ్చింది?

పొద్దున్నే పార్కులో ఒక పెద్దాయన నిలువెత్తు కుంచెను నీళ్ల బకెట్‌లో ముంచి నేల పలకల మీద చైనా అక్షరాలు రాసుకుంటూ పోతుంటే, ఆ పద్యం చివరికొచ్చేసరికి ఎండకి మొదటి పాదం ఆరిపోతుంటుంది. బయటివాళ్లకి ఇది చూడగానే వేదాంతం గుర్తొస్తుంది. నాకైతే ఖర్చు గుర్తొస్తుంది.

ఎందుకంటే చేతిరాత కుదరాలంటే ఒకే అక్షరాన్ని వందలసార్లు రాయాలి, దానికి సిరా, మంచి కాగితం ఎంత కావాలో లెక్కేసుకోండి. 11వ శతాబ్దపు పండితుడు ఓయాంగ్ షియు చిన్నప్పుడే తండ్రి పోతే, కాగితం కొనలేని తల్లి రెల్లుపుల్లతో నేలమీద గీసి అక్షరాలు నేర్పిందని చైనాలో చెప్పుకుంటారు. మన వీధిబడి పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దినట్టే అన్నమాట.

ఇప్పుడు మనం చూసే పార్కు అలవాటు మాత్రం అంత పాతదేం కాదు, 1990ల మొదట్లో బీజింగ్‌లో పుంజుకుంది. దీన్ని 'దీషు' అంటారు, అంటే నేల రాత. అప్పట్లో మగవాళ్లకి 60 ఏళ్లకి, ఆడవాళ్లకి ఉద్యోగాన్నిబట్టి 50కో 55కో రిటైర్మెంట్ (2025 నుంచి ఈ వయసు మెల్లగా పెంచుతున్నారు), పైగా ఆ దశాబ్దం చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీల్లోంచి కోట్లమందిని ఇంటికి పంపేశారు. ఒంట్లో ఓపిక ఉంది, చేతినిండా టైముంది, ఇల్లేమో ఇరుకు. మరి పార్కుకి రాక ఎక్కడికెళ్తారు? ఒకపక్క తాయ్‌చీ అనే నెమ్మదైన వ్యాయామం, ఒకపక్క డాన్సు, మధ్యలో వీళ్లు.

కుంచె కూడా ఇంట్లో చేసుకున్నదే. స్పాంజిని మొనదేలేలా కోసి, ఏ చీపురుకర్రకో పాత గొడుగు కాడకో బిగిస్తే చాలు. చదరపు పలకలు పరిచిన నేల కాపీబుక్కు గళ్లలా పనికొస్తుంది, పలకకో అక్షరం. ఎక్కువగా తాంగ్ రాజవంశం కాలపు (7-10 శతాబ్దాల) పద్యాలు రాస్తారు, మావో పద్యాలు కూడా. పక్కన నిలబడ్డవాళ్లు ఊరుకోరు, ఈ గీత బరువైంది, ఆ వంపు తేలిపోయింది అంటూ తగులుకుంటారు. అసలు సరదా అక్కడే ఉందని నా అనుమానం, లేకపోతే ఇంటి బాల్కనీలోనే రాసుకోవచ్చుగా!

2009లో యునెస్కో చైనా చేతిరాత కళని వారసత్వ జాబితాలో చేర్చింది. ఈలోగా ఫోన్లో టైపు చేయడానికి అలవాటుపడి, పెన్ను పట్టుకుంటే అక్షరం గుర్తురాని జనం పెరిగిపోయారు. ఇప్పుడు పిడిలోనే నీళ్లు నింపుకునే రెడీమేడ్ కుంచెలు కూడా అమ్ముతున్నారు, అయినా స్పాంజి కోసుకునేవాళ్లు ఇంకా కోసుకుంటూనే ఉన్నారు.